నీలం పేజీ, ఆకుపచ్చ పేజీ

మిర్యాలగూడ నుంచి ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. వయసు 36. భర్త లారీ డ్రైవరు, మిల్లుల నుంచి బియ్యం లోడు వేసుకుని పోతే వారం దాకా ఇల్లు చూడడు. ఆమె ఇంటి ముందు గదిలో జిరాక్స్, ఆన్‌లైన్ పనుల దుకాణం నడుపుతున్నారు. స్కాలర్‌షిప్ దరఖాస్తులు, హాల్‌టికెట్లు, కరెంటు బిల్లులు, ఆధార్ ప్రింట్లు. పై అంతస్తులో బావగారి కుటుంబం ఉంటుంది. నెట్ కనెక్షన్ బావగారి పేరు మీద ఉంది, రౌటర్ వాళ్ల హాల్లో ఉంది. అక్కడి నుంచి ఒక వైరు కిందికి దించి దుకాణం కంప్యూటర్‌కు పెట్టుకున్నారు. బిల్లులో సగం ఈమె ఇస్తారు. ఇదంతా అమర్చింది హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ చదివే బావగారి కొడుకు. మూడేళ్లు ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదు.

పై ఇంటి వైఫై కింద దుకాణంలోకి సరిగా అందదు. ప్రింటర్ ఒకసారి దొరికితే రెండుసార్లు దొరకదు. దరఖాస్తుల సీజన్ మొదలయ్యే ముందు ఈమె 1,400 రూపాయలు పెట్టి సొంతంగా ఒక రౌటర్ కొన్నారు. ఒక ఆదివారం పొద్దున, కంప్యూటర్‌కు ఉన్న వైరు తీసి కొత్త డబ్బా వెనక ఉన్న నాలుగు పసుపు రంధ్రాల్లో ఒకదాంట్లో గుచ్చారు. పక్కన నీలం రంధ్రం ఒక్కటే ఉంటే, "ఒక్కటే ఉన్నదాన్ని పాడు చేసుడెందుకు" అని వదిలేశారు. పది నిమిషాలు బాగానే ఉంది. తర్వాత కింద ఒక ఫోన్‌లో నెట్ వస్తే ఇంకోదాంట్లో రాలేదు. పైన టీవీ ఆగిపోయింది. హైదరాబాద్‌లో ఉన్న పిల్లవాడికి ఫోన్ చేస్తే బ్రౌజర్‌లో 192.168.1.1 కొట్టి రౌటర్ సెట్టింగుల పేజీ తెరవమని, పాస్‌వర్డ్ ఇదీ అని చెప్పాడు. తెరిస్తే ఒకసారి నీలం పేజీ, ఒకసారి ఆకుపచ్చ పేజీ వచ్చింది. ఆకుపచ్చ పేజీలో 'కనెక్షన్ టైప్' అని ఉన్నచోట 'ఆటోమేటిక్' పెట్టి సేవ్ నొక్కారు. ఇంటికంతా నెట్ పోయింది.

అదే సమయానికి పైన బావగారి కూతురు ఏదో కంపెనీ ఉద్యోగానికి ఆన్‌లైన్ పరీక్ష రాస్తోంది. మధ్యలో తెగిపోయింది. రెండు రోజులకు కేబుల్ ఆఫీసు పిల్లగాడు వచ్చి, 300 తీసుకుని, "ఎవరో సెట్టింగ్ మార్చిండ్రు" అని చెప్పి పోయాడు. ఆ ఒక్క మాటతో ఇల్లు రెండైంది. యారాలు "మా బిడ్డ నోటికాడి కూడు తీసినవ్" అన్నారు. బావగారు పైనుంచి వైరు పీకేశారు, వైఫై పాస్‌వర్డ్ మార్చేశారు. భర్త ఫోన్‌లో "నీకెందుకు గవన్నీ, ఫోన్ నెట్‌తోటి నడిపియ్యి" అన్నాడు. ఫోన్ నెట్‌తో ఫారాలు సగంలో ఆగుతున్నాయి. గిరాకీ బస్టాండు దగ్గరి సెంటర్‌కు పోతోంది. ఉత్తరం చివర ఇలా రాశారు: "నేను చేసిన తప్పేందో నాకే తెల్వది. మళ్ల వాళ్లనే అడగాల్నా, వేరే కనెక్షన్ తీసుకోవాల్నా? ఇంటర్ సగంల ఆపినదాన్ని, ఇవి నాకు వస్తయా?"

చెల్లెమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అందులో నాకు అన్నిటికంటే పనికొచ్చిన మాట మూడో పేజీలో ఒక మూల ఉంది. "ఒకసారి నీలం పేజీ, ఒకసారి ఆకుపచ్చ పేజీ. నా కండ్లే మోసం జేస్తున్నయనుకున్న." మీ కళ్లు మోసం చేయలేదు. మీ ఇంట్లో ఆ రోజు ఏం జరిగిందో ఆ రెండు రంగుల్లోనే ఉంది. కేబుల్ పిల్లగాడు పట్టుకోని సంగతి మీరు పట్టుకున్నారు, కాకపోతే దాని పేరు మీకు తెలియదు.

ముందు వైరు సంగతి చూద్దాం. అది తేలితే పంచాయితీలో సగం దానంతటదే తేలుతుంది.

రౌటర్‌కు రెండు ముఖాలుంటాయి. బయటి ముఖాన్ని వాన్ అంటారు (పైనుంచి పడే వానతో దీనికేం సంబంధం లేదు), ఇంటి లోపలి ముఖాన్ని లాన్ అంటారు. మీరు సాగర్ ఎడమ కాలువ కింద పుట్టి పెరిగినవారు కాబట్టి ఇలా చెప్తాను. కాలువ నుంచి నీళ్లు తీసుకునే తూము వాన్. తూము దాటాక మళ్లకు పారే పిల్లకాలువలు లాన్. మీరు పాడవుతుందేమోనని వదిలేసిన నీలం రంధ్రమే తూము. నాలుగు పసుపు రంధ్రాలు పిల్లకాలువలు. పైనుంచి వచ్చిన నీళ్లను మీరు తూములోకి కాకుండా నేరుగా పిల్లకాలువలో కలిపారు. కొంపలు మునిగే తప్పు కాదది. అలా కలిపే పద్ధతి కూడా ఒకటుంది, కింద చెప్తాను. కానీ దానికి ముందు ఒక పని చేయాలి, అది మీకెవరూ చెప్పలేదు.

ఏ ఫోనైనా వైఫైలో చేరగానే ఇల్లంతా వినపడేలా ఒక కేక పెడుతుంది: "నేనొచ్చిన, నాకో నంబరియ్యండి." రౌటర్‌లో ఆ కేక వినే పనివాడొకడు ఉంటాడు. వాడి పేరు డీహెచ్‌సీపీ. "నీ నంబరు 192.168.1.7, బయటికి పోవాలంటే 192.168.1.1 దగ్గరికి రా" అని చెప్తాడు. చెరువు కింద నీళ్లు ఎవరి మడికి ఎప్పుడో చెప్పే నీరటి లాంటివాడు. ఊరికి నీరటి ఒక్కడైతేనే లెక్క. మీ కొత్త డబ్బాలోనూ ఒక నీరటి ఉన్నాడు. పసుపు రంధ్రాల్లో వైరు కలిపేసరికి ఇద్దరూ ఒకే చెరువు మీదికి వచ్చారు. ఫోన్ కేక పెట్టగానే ఇద్దరూ పలికారు. ఎవరి మాట ముందు చెవిన పడితే ఫోన్ వాడినే నమ్ముతుంది.

అంతటితో ఆగినా కొంత నయం. మీ ఇంట్లో ఇంకో కలిసిరాని సంగతి కూడా ఉంది. రెండు డబ్బాలదీ ఒకటే ఇంటి నంబరు, 192.168.1.1. ఇది మీ దురదృష్టమేం కాదు. 192.168తో మొదలయ్యేవి, 10తో మొదలయ్యేవి, 172.16 నుంచి 172.31 దాకా ఉన్నవి, ఈ మూడు గుంపుల నంబర్లను ఎవరినీ అడగకుండా ఇళ్లలో, ఆఫీసుల్లో వాడుకోవచ్చని 1996లోనే తేల్చేశారు. డబ్బాలు చేసేవాళ్లలో చాలామంది అందులోంచి అదే నంబరు ఏరుకుంటారు. అందుకే మీ ఇంట్లో ఉన్న 192.168.1.1 నకిరేకల్‌లో మా మేనత్త ఇంట్లోనూ ఉంటుంది. ఎవరింట్లో వాళ్లుంటే గొడవ లేదు. ఒకే వైరు మీద ఇద్దరూ "నేనే 1.1" అన్నారనుకోండి, ఫోన్‌కు ఎవరు ముందు పలికితే వాళ్లే 1.1. ఆకుపచ్చ పేజీ చూపే పై ఇంటి డబ్బా పలికితే నెట్ వచ్చింది. నీలం పేజీ చూపే మీ కొత్త డబ్బా పలికితే రాలేదు, ఎందుకంటే దాని తూములో వైరే లేదు. కొద్దిసేపయ్యాక ఫోన్ ఆ సంగతి మరచిపోయి మళ్లీ అడుగుతుంది, అప్పుడు రెండోవాడు పలుకుతాడు. పైన టీవీ కాసేపు నడిచి ఆగిపోయింది కూడా అందుకే. ఆ టీవీ మధ్యలో మీ డబ్బాను నమ్మింది.

మీరు ఏ డబ్బాలో సెట్టింగు మార్చారన్నది కూడా మీ ఉత్తరమే చెప్తోంది. నీలం పేజీ "కొత్త పాస్‌వర్డ్ పెట్టుకో" అని అడిగిందని రాశారు. అంటే అది కొత్త డబ్బా. పిల్లవాడు చెప్పిన పాస్‌వర్డ్‌కు తెరుచుకున్నది ఆకుపచ్చ పేజీ. అది బావగారిది. మీరు మీ డబ్బా అనుకుని వాళ్ల డబ్బాలో 'ఆటోమేటిక్' నొక్కారు.

ఆ మాట చాలామందిని ముంచింది. ఆటోమేటిక్ అంటే "అన్నీ అదే చూసుకుంటుంది" అనుకుంటాం. వాన్ పేజీలో దానర్థం వేరు: "బయటివాళ్లను ఊరికే అడుగు, వాళ్లే నంబరిస్తారు" అని. మీ పై ఇంటి కనెక్షన్ ఆ రకం కాదు. కేబుల్ పిల్లగాడు వచ్చి యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కొట్టి బాగుచేశాడని రాశారు కదా, దాన్నిబట్టి అది పీపీపీఓఈ రకం. 1999 నుంచి ఉన్న పద్ధతి. అందులో తూము దగ్గర నిలబడి పేరూ గుర్తుమాటా చెప్తేనే గేటు ఎత్తుతారు. మీరు ఆటోమేటిక్ పెట్టేసరికి డబ్బా పేరు చెప్పడం మానేసింది, గేటు పడిపోయింది. చాలా డబ్బాల్లో ఒకసారి రకం మార్చి సేవ్ చేస్తే పాత యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ చెరిగిపోతాయి కూడా. వెనక్కి మార్చినా రావు. అందుకే రెండు రోజులు పట్టింది.

కాబట్టి "నేను చేసిన తప్పేంది" అన్నదానికి జవాబు ఇది: ఒక వైరు పక్క రంధ్రంలో పెట్టారు, ఒక పేజీని ఇంకో పేజీ అనుకున్నారు. రెండూ రంగంలో ఉన్నవాళ్లు కూడా చేసే పనులే. నా సంగతే చెప్తా. చాలా ఏళ్ల కిందట నల్లగొండలో ఒక కాలేజీ ల్యాబ్ నాకప్పగించారు. కింద పడి ఉన్న వైరు చివర చూసి, ఊడిపోయిందనుకుని స్విచ్‌లో (కంప్యూటర్ల వైర్లన్నిటినీ కలిపే డబ్బా) గుచ్చాను. దాని రెండో చివర అదే స్విచ్‌లో ఉంది. వచ్చిన కేకే తిరిగి తిరిగి వచ్చి నలభై కంప్యూటర్లూ ఒకేసారి కొయ్యబారిపోయాయి. ఆ వైరు దొరికేసరికి రాత్రి తొమ్మిది దాటింది. అప్పటికే పొద్దున్నుంచి వైరస్ అని అందరికీ చెప్పి ఉన్నాను. ఆ మాట ఇప్పటిదాకా వెనక్కి తీసుకోలేదు.

ఇప్పుడు మీరు అడగని సంగతి. ఆ అమ్మాయి పరీక్ష. మీ నాలుగు పేజీల్లో దాని గురించి ఒకటే వాక్యం ఉంది, యారాలు అన్న మాటల గురించి ఒక పేజీ ఉంది. మీకు తగిలిన దెబ్బ అది కాబట్టి అలాగే ఉంటుంది, తప్పు పట్టను. కానీ పై ఇంటివాళ్లకు నీలం, ఆకుపచ్చ సంగతేమీ తెలియదు. వాళ్ల దగ్గరున్న లెక్క ఇంతే: బిడ్డ పరీక్ష మధ్యలో తెగింది, ఎవరో సెట్టింగ్ మార్చారన్నారు, మార్చింది మీరు. ఇందులో ఒక్కటీ అబద్ధం కాదు. లేనిదల్లా మీ ఉద్దేశం. అది వాళ్లకు కనపడదు, మీరు చెప్పాలి.

ఎవరికి ముందు చెప్పాలన్నది మీ ఇంటి తీరును బట్టి ఉంటుంది. బావగారికి చెప్తే మాట పెద్దరికంలోకి పోతుంది, ఆయన "సరేలే" అంటే ఆగిపోతుంది, అనకపోతే ముదురుతుంది. యారాలుకు చెప్తే పాత సంగతులు కూడా బయటికొస్తాయి. బిల్లు, మెట్లు కడగడం, పండక్కి ఎవరు ఎంత పెట్టారు, అన్నీ. నాకైతే నేరుగా ఆ అమ్మాయితో మొదలుపెట్టడం మేలనిపిస్తుంది. నష్టపోయింది ఆమె. "బిడ్డా, నేను కొత్త డబ్బా పెట్టేటప్పుడు పైన అడగకుండ పెట్టిన, అది నా తప్పు. నువ్వు పరీక్ష రాస్తున్నవని నాకు తెల్వది. మళ్ల పెడ్తరేమో అడిగినవా?" అనండి చాలు. కొన్ని కంపెనీలు నెట్ పోయిందని రాస్తే మళ్లీ అవకాశమిస్తాయి, కొన్ని ఇవ్వవు. కేబుల్ ఆఫీసులో ఫిర్యాదు నంబరు ఉంటుంది, ఆ తేదీతో ఆమె మెయిల్ పెట్టుకోవచ్చు. ఆ నంబరు కనుక్కుని తెచ్చిచ్చారంటే, మీ మాట వాళ్లకు నచ్చినా నచ్చకపోయినా పని ఒకటి జరుగుతుంది.

ఒకటి మాత్రం వద్దు. "పిల్లగాడే చెప్పిండు, నేను నొక్కిన" అనకండి. అది నిజమే. కానీ ఆ పిల్లవాడు తల్లిదండ్రుల్ని అడగకుండా మీకు పాస్‌వర్డ్ చెప్పింది మీ మీది ప్రేమతో. ఆ మాట బయటికొస్తే రేపట్నుంచి వాడు మీ ఫోనెత్తడానికి భయపడతాడు. ఇంట్లో ఈ పని తెలిసిన మనిషి వాడొక్కడే.

ఇక ముందు దారి. నాకు మూడు కనపడుతున్నాయి. మూడింటికీ ఖర్చుంది, కొన్నింటికి డబ్బు రూపంలో, కొన్నింటికి మాట రూపంలో.

మొదటిది, పాత వైరు మళ్లీ దించుకుని కొత్త డబ్బాను వైఫై పంచేదిగా మాత్రమే వాడుకోవడం. అందులో నీరటిని పనిలోంచి తీసేయాలి, అంటే లాన్ పేజీలో డీహెచ్‌సీపీ ఆపేయాలి. దాని ఇంటి నంబరు 192.168.1.2 చేయాలి, పై డబ్బా ఆ నంబరు ఇంకెవరికీ ఇవ్వకుండా చూసుకోవాలి. అప్పుడు వైరు పసుపు రంధ్రంలోనే పెట్టొచ్చు, మీరు మొదట పెట్టినచోటే. ఇల్లంతా ఒకటే నెట్‌వర్క్ అవుతుంది. మీ ప్రింటర్‌కు పైనుంచి బావగారు కూడా ప్రింట్ ఇచ్చుకోవచ్చు. సులువైన పని. కానీ మీ దుకాణానికి వచ్చినవాళ్లెవరైనా "అక్కా, వైఫై పాస్‌వర్డ్ చెప్పు" అంటే చెప్తారు కదా, ఆ ఫోన్లన్నీ పై ఇంటి టీవీ, ఫోన్లు ఉన్న కంచెలోకే వస్తాయి. పై ఇంటివాళ్లు ఒప్పుకుంటారా అన్నది ఒకటి, మీకే అది మంచిదా అన్నది ఇంకోటి. మీ కంప్యూటర్‌లో ఊరివాళ్ల ఆధార్ కాపీలున్నాయి.

రెండోది, అదే వైరును నీలం రంధ్రంలో పెట్టుకుని మీ డబ్బాను పూర్తి రౌటర్‌గానే ఉంచడం. పై డబ్బా మీకు కాలువ అవుతుంది, మీ తూము కింద మీ నీరటి, మీ నంబర్లు. ఇక్కడ వాన్ రకం 'ఆటోమేటిక్' పెట్టాలి. ఆ రోజు మీ చేత అన్ని మాటలు పడేలా చేసిన పదమే ఇక్కడ సరైన జవాబు, ఎందుకంటే పై డబ్బా పేరు అడగకుండానే మీకు నంబరిస్తుంది. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ చెప్పే పని పై డబ్బా అప్పటికే చేస్తోంది. మీ వైఫైకి మీ పేరు, మీ పాస్‌వర్డ్. పైవాళ్ల ఫోన్లకు మీ కంప్యూటర్ కనపడదు. అయితే కిందినుంచి పైకి దారి మూసుకోదు. గిరాకీకి మీ అసలు వైఫై ఇస్తే వాళ్ల ఫోన్లు మీ కంప్యూటర్ ఉన్న కంచెలోకి కూడా వస్తాయి, కాబట్టి అది ఇవ్వకండి. చాలా రౌటర్లలో 'గెస్ట్' అని వేరే వైఫై ఉంటుంది, అది ఇవ్వండి. అది మీ కంప్యూటర్‌ను కాపాడుతుంది, పై ఇంటికి పోయే దారిని మాత్రం అన్ని డబ్బాల్లో మూయదు. ఇందులో నెట్ రెండు డబ్బాలు దాటి పోతుంది. ఫారాలు, బిల్లులు, వీడియోలకు తేడా తెలియదు. బయటినుంచి లోపలికి నేరుగా రావాల్సిన పనులకే తంటా. దుకాణంలో కెమెరా పెట్టాలని ఉందన్నారు, ఇప్పటి కెమెరాలు ఎక్కువగా వాటి కంపెనీ సర్వర్ ద్వారా ఫోన్‌లో కనపడతాయి కాబట్టి దానికీ ఇబ్బంది ఉండదు. తక్కువల్లా ఒకటే: పైవాళ్లు రాత్రి స్విచ్ తీసేస్తే మీకూ లేదు, బిల్లు కట్టడం మరిస్తే మీకూ లేదు, మళ్లీ మాట పట్టింపు వస్తే వైరు మళ్లీ ఊడుతుంది.

మూడోది సొంత కనెక్షన్. దుకాణం మీ కూడు పెట్టేది కాబట్టి దీన్ని కొట్టిపారేయలేను. ఇప్పుడు ఇస్తున్న సగానికి ఇంకో సగం కలపాలి, సీజన్ లేని నెలల్లోనూ కట్టాలి. పెట్టించుకునేటప్పుడు దుకాణం కోసమని చెప్పండి, కొందరికి వ్యాపారానికి వేరే ప్లాన్ ఉంటుంది. కనెక్షన్ మీ పేరు మీదే తీసుకోండి, ఆయన పేరు మీద కాదు. ఆయన లారీలో ఉండగా ఓటీపీ ఆయన ఫోన్‌కు పోతే పని ఆగుతుంది. ఇంకో కారణం కూడా ఉంది. మీ నెట్ నుంచి గిరాకీ ఎవడో తిక్కపని చేస్తే పోలీసులు మొదట అడిగేది కనెక్షన్ ఎవరి పేరు మీద ఉందో వాళ్లను. మొదటి రెండు పద్ధతుల్లో ఆ మనిషి బావగారు. ఇది ఆయనకు ఇప్పటిదాకా తట్టి ఉండదు, మీరే చెప్తే "మా మంచికే ఆలోచించింది" అనుకోవచ్చు. "మీ మీద అలిగి వేరే పెట్టుకున్న" అన్నట్టు కాకుండా "నా గిరాకీ బాధ్యత మీ మీద ఎందుకు" అని చెప్పడానికి ఇదొక దారి. చెప్పకుండా కేబుల్ మనిషిని పిలిచి నిచ్చెన వేయించారంటే మాత్రం, ఆ నిచ్చెనను పైనుంచి చూసినవాళ్లకు ఇంకో అర్థం తడుతుంది.

సొంత కనెక్షన్ పెట్టిన రోజే ఆ మనిషి ముందు కూర్చోండి. వాన్ పేజీలో పీపీపీఓఈ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, వీలాన్ నంబరు (ఒకే వైరులో వేర్వేరు దారులను విడదీసే గుర్తు) ఏదైనా వాడితే అది, కాగితం మీద రాయించుకోండి. పాస్‌వర్డ్ పేజీలో చుక్కలుగా కనపడుతుంది, ఫొటో తీస్తే పనికిరాదు, రాయించుకోవాల్సిందే. కొందరు ఇవ్వరు, డబ్బా తాళం వాళ్ల దగ్గరే ఉంచుకుంటారు. అప్పుడు కనీసం ఫిర్యాదు నంబరు, కస్టమర్ ఐడీ గోడ మీద అంటించుకోండి. ఎంటీయూ (నెట్‌లో పోయే ఒక్కో కట్టలో ఎక్కువలో ఎక్కువ ఎన్ని బైట్లు పట్టాలో చెప్పే గడి) అనేచోట 1492 కనపడితే 1500 చేయకండి, పీపీపీఓఈ తన పేరు రాసుకోవడానికి ప్రతి కట్టలోనూ 8 బైట్లు తీసుకుంటుంది, ఆ లెక్క అది.

నన్నడిగితే, ఈ సీజన్ దాకా రెండోది నడిపి, చేతిలో నాలుగు డబ్బులు నిలిచాక మూడోదానికి పోవచ్చు. కానీ రెండోదానికి పైవాళ్ల సరే కావాలి. వాళ్ల ముఖం చూడ్డమే మీకు కష్టంగా ఉంటే, సగం బిల్లు మిగుల్చుకోవడం కోసం రోజూ మెట్ల దగ్గర తల దించుకోవడమెందుకు, నేరుగా మూడోదానికే పోండి. అది మీకు తెలిసినంత నాకు తెలియదు.

"ఇవి నాకు వస్తయా" అన్నారు. రెండోది ఎంచుకుంటే చేయాల్సింది ఇదీ, మీరే చూడండి.

పై వైరు ముట్టుకోకండి. దుకాణం కంప్యూటర్‌నూ కొత్త డబ్బానూ, డబ్బాతో వచ్చిన చిన్న వైరుతో పసుపు రంధ్రంలో కలపండి. ఇంకేదీ కలపొద్దు. 192.168.1.1 తెరిస్తే నీలం పేజీ తప్ప ఇంకోటి రావడానికి వీల్లేదు, ఎందుకంటే అక్కడ ఇంకో డబ్బానే లేదు. పాస్‌వర్డ్ పెట్టుకోమంటే పెట్టి, దరఖాస్తుల రిజిస్టర్ చివరి పేజీలో రాసుకోండి. లాన్ పేజీకి పోయి 192.168.1.1 ఉన్నచోట 192.168.5.1 కొట్టి సేవ్ నొక్కండి. పేజీ అక్కడే తిరుగుతూ ఆగిపోతుంది. భయపడకండి, అది పాడవడం కాదు. డబ్బా ఇల్లు మారింది, మీ కంప్యూటర్ ఇంకా పాత తలుపే కొడుతోంది. చిన్న వైరు ఒకసారి తీసి పెట్టి 192.168.5.1 తెరవండి. మళ్లీ నీలం పేజీ. వాన్ పేజీలో ఆటోమేటిక్, కొన్నింట్లో 'డైనమిక్ ఐపీ' అని ఉంటుంది, అది. వైఫైకి పేరు, పాస్‌వర్డ్. అప్పుడు, అన్నీ అయ్యాక, పై వైరు తెచ్చి నీలం రంధ్రంలో పెట్టండి. ఏ పేజీలోనైనా సేవ్ నొక్కేముందు ఒక ఫొటో తీసుకోవడం అలవాటు చేసుకోండి. గందరగోళమైతే మీ డబ్బా వెనక రీసెట్ చిల్లులో పిన్ను పెట్టి పది సెకన్లు ఒత్తి పట్టుకుంటే కొన్ననాటి స్థితికి వస్తుంది, ఎన్నిసార్లయినా చేసుకోవచ్చు. పై ఇంటి డబ్బాకు మాత్రం ఆ పిన్ను దగ్గరికి కూడా తీసుకుపోకండి, యూజర్‌నేమ్ మళ్లీ ఎగిరిపోతుంది.

నడుస్తోందో లేదో ఫోన్‌లో వైఫై పేరు మీద నొక్కితే తెలుస్తుంది. 192.168.5తో మొదలయ్యే నంబరుంటే మీ నీరటి ఇచ్చాడు. 192.168.1 ఉంటే ఫోన్ పై ఇంటి వైఫై పట్టుకుంది. కంప్యూటర్‌లో 169.254తో మొదలైతే ఎవరూ పలకలేదు, వైరు చూసుకోండి. ఇంతే. స్కాలర్‌షిప్ ఫారంలో కుల ధ్రువీకరణ నంబరు, ఆదాయ ధ్రువీకరణ నంబరు, బ్యాంకు ఐఎఫ్ఎస్‌సీ కోడు తప్పు పోకుండా రోజుకు ఇరవైమందికి నింపే మనిషికి నాలుగు గళ్ల పేజీ ఒక లెక్కా? మీ ఆయన మళ్లీ ఫోన్ చేసి "నీకెందుకు" అంటే, ఫారం సగంలో ఆగి వెనక్కిపోయిన గిరాకీ ఎంతమందో ఒక్కరోజు లెక్క రాసి చదివి వినిపించండి.

ఇంకొకటి. బావగారు వైరును పైనుంచి పీకేశారనీ, అది వరండాలో వేలాడుతోందనీ రాశారు. దాని చివర పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ ముక్క మీద చిన్న క్లిప్పు ఉంటుంది, రంధ్రంలో 'టిక్'మని పడేది అదే. కోపంగా లాగితే ముందు విరిగేది ఆ క్లిప్పే. విరిగితే వైరు రంధ్రంలో నిలుస్తున్నట్టే ఉండి కాస్త కదిలితే ఊడుతుంది, మీరు మళ్లీ సెట్టింగుల్లో వెతుక్కుంటారు. ఏదైనా మొదలుపెట్టేముందు రెండు చివరలూ వేలితో తడిమి చూడండి. విరిగి ఉంటే కంప్యూటర్ రిపేరు షాపులో కొత్త ముక్క బిగించి ఇస్తారు, వైరు మొత్తం మార్చాల్సిన పనిలేదు.